"మనవాళ్లు" అనే మాట మీ అబ్బాయికి ఎక్కడ దొరికింది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఇంటర్ పూర్తయ్యే వరకు స్నేహితుల కులం ఏమిటో పట్టించుకోని మీ అబ్బాయి, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌లో చేరిన ఏడాదిన్నరకే "మనవాళ్లు", "వాళ్లు" అని మాట్లాడుతున్నాడు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు, చిన్నప్పుడు తనను చంకన వేసుకుని తిప్పిన పక్కింటివాళ్ల గురించే చులకనగా ఒక మాట అన్నాడు. "మేము ఇంట్లో ఇలాంటివి ఎప్పుడూ నేర్పలేదు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? అన్ని కులాల పిల్లలతో కలిసి ఉంటే పోతుందా? హాస్టల్ మాన్పించమంటారా?" అన్నారు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు విశ్వవిద్యాలయంలో సామాజిక మనస్తత్వశాస్త్రం చెప్పాను. అందులో ఆరేళ్లు హాస్టల్ వార్డెన్‌గా కూడా పనిచేశాను. మీ ప్రశ్న చదవగానే పుస్తకాల కంటే ముందు ఆ హాస్టల్ వరండాలే గుర్తుకు వచ్చాయి కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

జూలైలోనో ఆగస్టులోనో ఒక పిల్లవాడు పెట్టె, పరుపు, ఆవకాయ సీసా పట్టుకుని దిగుతాడు. తెలిసిన ముఖం ఒక్కటీ ఉండదు. సాయంత్రానికి ఒక సీనియర్ వచ్చి పక్కన కూర్చుంటాడు. "మీది ఏ ఊరు? ఇంటిపేరు ఏమిటి?" అని అడుగుతాడు. తెలుగునాట ఈ రెండు జవాబులు దొరికితే చాలాసార్లు మూడో ప్రశ్న అవసరం ఉండదు. అప్పటికీ తేలకపోతే "మీరేమిట్లు?" అంటాడు. నేరుగా అడగడానికి మొహమాటపడేవాళ్లు ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు అడుగుతారు. ఆ ర్యాంకుకు ఆ బ్రాంచిలో ఏ కోటాలో సీటు వస్తుందో అందరికీ తెలుసు. లెక్క సరిపోయిందంటే ఆ క్షణం నుంచి పిల్లవాడి బతుకు మారిపోతుంది. పాత నోట్సు దొరుకుతుంది. ర్యాగింగ్ చేసేవాళ్ల నుంచి అడ్డు నిలిచే అన్న దొరుకుతాడు. జ్వరం వస్తే మెస్సు నుంచి పళ్లెం గదికి వస్తుంది. ఊళ్లో అమ్మ చేసే పనులన్నీ అక్కడ "మనవాళ్లు" చేస్తారు.

ఇందులో ద్వేషం ఎక్కడుందో వెతకండి. ఉండదు. ఉన్నదంతా ఆదరణే. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే: మీ అబ్బాయికి ఎవరూ పగ నేర్పలేదు, ముందు ప్రేమ పంచారు. ఆ ప్రేమకు ఒక హద్దు ఉందని, హద్దు అవతల ఉన్నవాళ్లను తక్కువ చేసి మాట్లాడితేనే లోపలివాళ్లకు తను మరింత దగ్గరవుతాడని ఆ తరువాత అర్థమైంది. మెరిలిన్ బ్రూయర్ అనే అమెరికన్ సామాజిక మనస్తత్వవేత్త దీని గురించి చాలా రాశారు. వివక్షలో ఎక్కువ భాగం పరాయివాళ్ల మీద పగ వల్ల కాక సొంతవాళ్ల మీద మొగ్గు వల్లనే జరుగుతుందని ఆమె వాదన. మన పెద్దలు దీన్ని ఎప్పుడో గమనించారు: అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో. వడ్డించే మనిషి ఎవరినీ తిట్టడు, కొట్టడు. చేయి మాత్రం ఒకవైపు ఎక్కువ వంగుతుంది.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు నాకు మొదటి ఏడాదే మేడ మీద గాలి వచ్చే మూల గది దొరికింది. నా అదృష్టం అనుకున్నాను. నాతోపాటు చేరిన మరో అబ్బాయి ఏడాదంతా మరుగుదొడ్ల పక్క గదిలో ఉన్నాడు. గదుల పంపకం ఎవరి చేతిలో ఉందో, ఆ మనిషి నన్ను ఇంటిపేరు ఎందుకు అడిగాడో నాకు చాలా ఏళ్ల తరువాత గాని తట్టలేదు. లాభం పొందినవాడికి ఆ లాభం కనబడదు. ఇన్నేళ్ల పాఠాల్లో నేను విద్యార్థులకు చెప్పడానికి అన్నింటికంటే కష్టపడిన విషయం ఇది.

ఈ మొగ్గు ఎంత సులభంగా పుడుతుందో చూపించినది హెన్రీ టాజ్‌ఫెల్ అనే సామాజిక మనస్తత్వవేత్త. ఆయన 1919లో పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. ఫ్రాన్సులో చదువుకుంటూ ఫ్రెంచి సైన్యంలో చేరి 1940లో జర్మన్లకు పట్టుబడ్డారు. యూదుడినని దాచలేదు గాని పోలండ్ యూదుడినన్న సంగతి మాత్రం బయటపడనివ్వలేదు. అది తెలిసి ఉంటే బతికేవారు కాదు. ఆయన ఎలాంటి మనిషి, కాపలాదారులతో ఎంత మర్యాదగా ఉన్నారు అన్నవాటికి అక్కడ విలువ లేదు, ఏ ముద్ర కింద లెక్కకు వస్తారన్నదే ప్రాణం తేల్చింది. యుద్ధం ముగిసి బయటికి వచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగలలేదు. అలాంటి మనిషి తరువాత ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక ప్రశ్న వేసుకున్నారు: మనుషులు పక్షపాతం చూపడానికి కనీసం ఏమి కావాలి? పాత పగలు కావాలా, ఆస్తి తగాదా కావాలా, మతం కావాలా?

1970 ప్రాంతంలో పద్నాలుగు, పదిహేనేళ్ల బడిపిల్లలను తీసుకుని, తెర మీద చుక్కలు ఎన్ని ఉన్నాయో ఊహించమన్నారు. మరో విడతలో పాల్ క్లీ, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఏవి నచ్చాయో చెప్పమన్నారు. దాన్నిబట్టి రెండు జట్లు చేశామని చెప్పారు. నిజానికి ఎటుపడితే అటు పంచారు. తన జట్టు ఏదో ఒక్కొక్కరికీ తెలుసు గాని మిగతావాళ్లలో ఎవరు ఏ జట్టులో ఉన్నారో పేరుతో తెలియదు, కనబడేవి జట్టు పేరు, అంకెల గుర్తులే. తరువాత ఒక్కొక్కరూ మిగతావాళ్లలో ఇద్దరిద్దరికి కొద్దిపాటి డబ్బు పంచాలి. తమకు తాము ఇచ్చుకునే వీలు లేదు. ఒక పట్టికలో ఒక చివర తన జట్టువాడికి 19 ఇస్తే అవతలి జట్టువాడికి 25 వెళుతుంది. మరో చివర తనవాడికి 7 ఇస్తే అవతలివాడికి 1 మాత్రమే. మొదటి చివర అందరికీ లాభం. అయినా పిల్లల మొగ్గు తమవాళ్లు పైచేయిగా ఉండే వైపు కనబడింది. ఆ పైచేయి కోసం తమవాళ్లకు రావలసిన దానిలో కొంత వదులుకోవడానికీ సిద్ధపడ్డారు.

నేను ఈ పట్టిక నల్లబల్ల మీద వేసిన ప్రతిసారీ తరగతి నిశ్శబ్దమైపోయేది. ఎందుకంటే రిజర్వేషన్ల చర్చలో "మాకు రాకపోయినా ఫరవాలేదు, వాళ్లకు రాకూడదు" అన్న మాట ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట విని ఉంటారు. ఆ మాట అన్నవాడు తన లాభం చూసుకోవడం లేదు. తన ముద్రకు ఉన్న ఎత్తు తగ్గకూడదని చూస్తున్నాడు. టాజ్‌ఫెల్, ఆయన శిష్యుడు జాన్ టర్నర్ 1979లో ప్రతిపాదించిన సామాజిక గుర్తింపు సిద్ధాంతం చెప్పేది ఇదే: మన ఆత్మగౌరవంలో ఒక భాగం మన గుంపుకు తాకట్టులో ఉంటుంది. గుంపు మెరిస్తే మనం మెరుస్తాం. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని కాలేజీకి వచ్చాక నలభై మందిలో ఒకడైపోయిన కుర్రవాడికి, ఏ కష్టమూ లేకుండా ఒక గొప్పతనం చేతికి ఇస్తే వద్దంటాడా?

అయితే చుక్కల జట్టు మరునాటికి మరిచిపోయే జట్టు. కులం అలాంటిది కాదు. అది పుట్టుకతో వచ్చి, పైమెట్టు కిందిమెట్టు చూసుకుని, పెళ్లితో తరువాతి తరానికి వెళుతుంది. అందుకే "మేము ఇంట్లో నేర్పలేదు" అన్న మీ మాట దగ్గర నేను కొంచెం ఆగాలి. మీ మీద నింద వేయడానికి కాదు. నోటితో నేర్పలేదన్నది నిజమే అయి ఉంటుంది. కాని ఇంట్లో పని చేసే ఆమెకు టీ ఏ గ్లాసులో ఇస్తారు, ఆ గ్లాసు కడిగాక ఎక్కడ బోర్లిస్తారు? పెళ్లి సంబంధం మాట వచ్చినప్పుడు "మంచి కుటుంబం" అంటే ఇంట్లో ఎవరికి ఏమి అర్థమవుతుంది? డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే "మనవాళ్ల ఆసుపత్రి" అన్న మాట వినబడిందా? పిల్లలు చెప్పినది మరిచిపోతారు గాని చూసినది మరిచిపోరు. 2011–12 నాటి భారత మానవ అభివృద్ధి సర్వేలో దేశంలోని కుటుంబాల్లో 27 శాతం తాము ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తున్నామని స్వయంగా ఒప్పుకున్నాయి. అదే సర్వేలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతం. ఒప్పుకున్నవాళ్లే ఇంతమంది. పిల్లవాడు ఖాళీ బుర్రతో హాస్టల్‌కు వెళ్లలేదు. అరలు ముందే ఉన్నాయి, పేర్లు అక్కడ రాశారు.

ఇక రెండో ప్రశ్న. కలిసి ఉంటే పోతుందా?

ఈ నమ్మకం మన దగ్గర చాలా బలంగా ఉంది. ఒకరినొకరు తెలియకపోవడం వల్లనే చిన్నచూపు పుడుతుందని, దగ్గరైతే కరిగిపోతుందని అనుకుంటాం. కాని మన ఊళ్లను చూడండి. ఊరికీ వాడకూ మధ్య ఎంత దూరం? పొలంలో పనిచేసేవాళ్ల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు, ఎవరింట్లో ఎవరికి జబ్బు చేసిందో ఆసామికి తెలుసు. ఆసామి ఇంటి గుట్టంతా కూలికి తెలుసు. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి నడిపిన మనిషికి ఏ గ్లాసు ఎవరికి ఇవ్వాలో తెలియాలంటే ఊరందరూ తెలిసి ఉండాలి. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో పెత్తందారీ కులంవాళ్లు ఆరుగురు దళితులను చంపారు. గొడవ మొదలైనది మంచినీళ్ల చెరువు దగ్గర. దళితులు తాగే నీటిలో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు కొట్టబోయారు, ఒక దళిత మహిళ తన బిందె ఎత్తి అడ్డుకుంది. చంపినవాళ్లు, చచ్చిపోయినవాళ్లు ఒకే ఊరివాళ్లు. అపరిచయం అక్కడ కారణం కాదు. ఇన్నాళ్లూ వంగి ఉన్న చేయి పైకి లేవడం కారణం.

అందుకే నేను "కలిసి ఉండటం" అన్న మాట వాడను. ఏ షరతుల మీద కలిశారన్నదే అసలు సంగతి. అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ తేడా స్పష్టంగా చెప్పారు. కలయిక వల్ల చిన్నచూపు తగ్గాలంటే ఆ కలయికలో ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, ఒకరి సాయం లేకుండా మరొకరికి పని జరగకూడదు, పైనున్న అధికారం దాన్ని మనస్ఫూర్తిగా బలపరచాలి. థామస్ పెట్టిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను కలిపి చూస్తే, పరిచయం సాధారణంగా మంచే చేస్తుందని, ఈ షరతులు ఉన్నచోట మరింత బాగా చేస్తుందని తేలింది. కాబట్టి నేను నిరాశ చెప్పడం లేదు. మన పల్లెల్లో శతాబ్దాలుగా ఉన్నది పరిచయమే. ఈ నాలుగు షరతుల్లో ఒక్కటీ లేని పరిచయం.

మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. మాథ్యూ లోవ్ అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో వెయ్యి మందికి పైగా యువకులను తీసుకుని, వాళ్లలో చాలామందితో నెల రోజుల చొప్పున క్రికెట్ లీగులు నడిపించారు. ఎవరు ఒకే కులం జట్టులో ఉండాలి, ఎవరు కలగలిపిన జట్టులో ఉండాలి అన్నది చీటీలు తీసినట్లు నిర్ణయించారు. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. కలగలిపిన జట్టులో ఆడినవాళ్లకు ఇతర కులాల్లో స్నేహితులు పెరిగారు, సొంత కులం వైపు మొగ్గు తగ్గింది. వేరే కులంవాళ్లను ప్రత్యర్థులుగా ఎదుర్కొన్నప్పుడు మాత్రం కులాల మధ్య కలుపుగోలుతనం పెరగలేదు సరికదా, చాలావరకు తగ్గింది. అదే ఆట, అదే మైదానం. పక్కన నిలబడి ఆడటానికి, ఎదురుగా నిలబడి ఆడటానికి అంత తేడా ఉంది.

ఇరాక్‌లో దీనికి మరో ముఖం కనబడింది. ఐసిస్ దాడుల వల్ల ఇళ్లు విడిచి వచ్చిన క్రైస్తవ యువకుల ఫుట్‌బాల్ జట్లలో కొన్నింటిలోకి సల్మా మూసా అనే పరిశోధకురాలు ముస్లిం ఆటగాళ్లను చేర్చారు. 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మైదానంలో మార్పు నిజంగానే వచ్చింది. తరువాతి సీజన్‌లో కూడా కలిసి ఆడతామన్నారు, లీగు ముగిశాక కూడా కలిసి సాధన చేశారు. కాని మైదానం దాటాక, ముస్లింలు ఎక్కువగా ఉండే నగరంలో భోజనానికి వెళ్లడం వంటి విషయాల్లో మార్పు అంతగా కనబడలేదు. తన జట్టులోని ముస్లిం మంచివాడే, ముస్లింల సంగతి వేరు. ఈ వాక్యం మీకు కొత్త కాదు. "మా ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడు మాత్రం అలాంటివాడు కాదు" అని మనం అంటూనే ఉంటాం. ఒక మనిషిని మినహాయించి, ముద్రను అలాగే ఉంచుతాం.

నా వార్డెన్ రోజుల్లో ఒక ఏడాది మొదటి సంవత్సరం గదులన్నీ చీటీలు వేసి ఇచ్చాను. మొదటి వారం తల్లిదండ్రులు వరుసగా వచ్చారు. ఎవరూ కులం పేరెత్తలేదు. "మావాడికి నిద్ర తేలిక", "అలవాట్లు కలవవు" అన్నారు. నేను గదులు మార్చలేదు. దీన్ని ప్రయోగం అనను, లెక్కలు తీయలేదు. కాని ఆ బ్యాచ్ పిల్లలు మూడో ఏడాదిలో సొంతంగా గదులు ఎంచుకునే వీలు వచ్చినప్పుడు, అంతకు ముందు బ్యాచ్‌ల కంటే ఎక్కువమంది పాత గదివాడితోనే ఉంటామన్నారు. మరుసటి ఏడాది పైనుంచి ఒత్తిడి వచ్చి ఆ పద్ధతి ఆగిపోయింది. ఆల్‌పోర్ట్ నాలుగో షరతు ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

రాజకీయం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయి మాటల్లో పార్టీ పేర్లు కూడా దొర్లుతున్నాయని రాశారు. ఆఫ్రికాలో మలావీ, జాంబియా దేశాల సరిహద్దుకు రెండువైపులా చేవా, తుంబుకా అనే రెండు తెగలు ఉన్నాయి. భాష అదే, ఆచారం అదే, గీత మాత్రం వలస పాలకులు గీసినది. డేనియల్ పోస్నర్ అనే రాజకీయ శాస్త్రవేత్త 2004లో వీటి మీద ఒక పరిశోధన ప్రచురించారు. మలావీ వైపు ఈ రెండు తెగలు రాజకీయ ప్రత్యర్థులు, ఒకరినొకరు నమ్మరు. జాంబియా వైపు మిత్రులు. ఎందుకంటే మలావీలో రెండూ సొంతంగా అధికారానికి పోటీపడేటంత పెద్దవి. జాంబియాలో రెండూ చిన్నవి, విడిగా ఉంటే ఎవరికీ లెక్కలేదు, కలిస్తేనే బలం. తేడాలు ఎంత పాతవన్నది కాదు, ఓట్ల లెక్కలో ఏ తేడా పనికి వస్తుందన్నదే అక్కడి స్నేహాన్నీ వైరాన్నీ నిర్ణయించింది.

మన చరిత్ర కూడా అలాంటిదే. మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్లూ ఆంధ్రులకు ఎదుటివాళ్లు తమిళులు, "మదరాసు మనదే" అన్నది నినాదం. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ గీత మసకబారింది. ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న 1952 ముల్కీ ఆందోళనలో అప్పటికే కనబడిన మరో గీత, ఆంధ్ర–తెలంగాణ గీత, 1969లో, 1972లో భగ్గుమని, 2014 జూన్ 2న రాష్ట్ర సరిహద్దుగా మారింది. అదే మనిషి అమెరికాలో దిగితే మొదటి రోజు భారతీయుడు, వారానికి తెలుగువాడు, ఏడాదికి మళ్లీ ఇంటిపేరు దగ్గరికి వస్తాడు. ఈ ముద్రలన్నీ మనలో ఎప్పుడూ ఉంటాయి. వాటిలో ఏది వెలిగించాలో నాయకులకు తెలుసు. కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించేవాడు, పుట్టినరోజు పార్టీకి డబ్బు పంపేవాడు మీ అబ్బాయిలో దేన్ని వెలిగిస్తున్నాడో మీ అబ్బాయి ఒకసారి నిదానంగా చూసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పిల్లలతో మాట్లాడేటప్పుడు చాలామంది పెద్దలు "అందరూ అంతే, అందరికీ కులసంఘాలున్నాయి" అనేస్తారు. ఈ మాటతో నేను ఏకీభవించను. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ నాయకత్వంలో మాదిగ దండోరా మొదలైనప్పుడు, అప్పటిదాకా తిట్టుగా వాడిన మాటను వేలమంది తమ పేరు చివర పెట్టుకున్నారు. టాజ్‌ఫెల్ సిద్ధాంతంలో దీనికి చోటు ఉంది: కింద పడేసిన గుంపు ముందు తన పేరుకు తనే విలువ కడుతుంది, ఆ తరువాత వాటా అడుగుతుంది. షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ కోసం, అంటే ఆ కోటాను అందులోని కులాల మధ్య విడివిడిగా పంచడం కోసం, వాళ్లు మూడు దశాబ్దాలు అడిగారు. 2004లో సుప్రీంకోర్టు కాదన్నది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో ఔనన్నది. మాలల్లో చాలామంది దీన్ని వ్యతిరేకించారు, వాళ్ల భయాలనూ కొట్టిపారేయకూడదు. అయినా నిలబడటానికి గుంపు కట్టడం ఒకటి, నిలబడినవాడిని కూర్చోబెట్టడానికి గుంపు కట్టడం మరొకటి. హాస్టల్‌లో మీ అబ్బాయి గుంపు ఏ పని చేస్తున్నదన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

అవతలి గదిలో ఉన్న పిల్లవాడికి దీనివల్ల ఏమవుతుందో కూడా తెలియాలి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్‌లో 321 మంది పైకులాల అబ్బాయిలకు, 321 మంది దళిత అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుప్రశ్నలు ఇచ్చారు. కులం మాట ఎత్తనప్పుడు ఇద్దరూ సమానంగా చేశారు. పేరు, కులం అందరి ముందు చదివి వినిపించాక దళిత పిల్లలు తక్కువ చేశారు. బుర్ర అదే, కాగితం అదే. వరండాలో ర్యాంకు అడగడం అంటే ఏమిటో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

హాస్టల్ మాన్పించకండి. అద్దె గదికి మారిస్తే ఆ నలుగురితోనే మారతాడు, గీత ఇంకా ముదురుతుంది. "కులాలు లేవు, మనుషులంతా ఒక్కటే" అని పాఠం కూడా చెప్పకండి, ఆ వయసులో అది చెవికి ఎక్కదు. ఆ గుంపు తనకు ఏమి ఇచ్చిందో ముందు అడిగి వినండి. నోట్సు, తోడు, ధైర్యం, అన్నీ చెప్పనివ్వండి. ఆ సాయాల్లో ఏవి వేరే కులం కుర్రవాడికి తను చేశాడో ఆ తరువాత అడగండి. మూడో సంవత్సరంలో ప్రాజెక్టు జట్లు వేసుకుంటారు. ఈసారి "మనవాళ్లు" కాని ఇద్దరితో కలిసి చేయమనండి. నాటకమైనా, రక్తదాన శిబిరమైనా, జట్టులో పక్కన నిలబడి చేసే పని ఏదైనా మంచిదే. రెండు జట్లు ఎదురెదురుగా పోటీపడేది మాత్రం వద్దు.

పక్కింటివాళ్ల సంగతి వాయిదా వేయకండి. వేసవి సెలవుల్లో వాడు వచ్చిన మొదటి వారంలోనే వాళ్లను భోజనానికి పిలవండి. అరిటాకులు వేసి అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, వడ్డన వాడి చేతికి ఇవ్వండి. ఇంట్లో పనిచేసే ఆమె కూడా ఆ బంతిలో ఉండాలి. ఆ రోజు మీ వంటింట్లో విడి గ్లాసు ఉంటే వాడికి కనబడుతుంది, కాబట్టి ముందు దాన్ని తీసేయండి.